పేరు లేని చీటీ

"నిప్పులన్నీ ఇస్త్రీపెట్టెలోకి ఎత్తుకుపోతే చిక్కుళ్ళు దేని మీద ఉడకాలి?" అంది అలినాఫె.

వైసన్ తల ఎత్తలేదు. వసారాలో బల్ల మీద దుప్పటి పరిచి, మర్నాడు బడికి పాఠాలు చెప్పడానికి వేసుకెళ్ళే ప్యాంటు మడత సరిచూసుకుంటున్నాడు. బొగ్గుల పెట్టె మూతి ఊది, బూడిద ఎగిరితే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నిన్నే, తడాలా నాన్నా."

"కరెంటుంటే నీ పొయ్యి జోలికి నేనెందుకొస్తాను? పోయి కరెంటు వాళ్ళనడుగు."

"నీ ప్యాంటు రేపటికి. నా జాకెట్టు ఇప్పటికి. అరగంటలో సమాజం మొదలవుతుంది."

"దేవుడు ముడతలు చూడడు."

"దేవుడు చూడడు. జెరె అమ్మగారు చూస్తుంది."

వంటింట్లో తడాలా కిసుక్కున నవ్వింది. పదమూడేళ్ళ పిల్ల, ఈమధ్య అమ్మానాన్నల గొడవలు దానికి కాలక్షేపం. "నవ్వింది చాలు, పొయ్యి విసురు," అని కసిరి, అలినాఫె తెల్ల జాకెట్టు మీద చల్లటి నీళ్ళు చిలకరించి అరచేత్తో నిమిరింది. భుజం మీద ముడత పోలేదు. నల్ల లంగా కట్టుకుని, తెల్ల తలగుడ్డ బిగించి, పాటల పుస్తకం చేతిలోకి తీసుకుంది. పుస్తకంలో ఒక చీటీ ఉంది. ఉందో లేదోనని రెండుసార్లు చూసుకుంది.

చర్చి మహిళా సమాజం గురువారం మధ్యాహ్నాలు కూడుతుంది. శనివారాలు కూడా పని చేస్తుంది కాబట్టి ఆసుపత్రిలో నర్సుగా చేసే అలినాఫెకు గురువారం ఒంటిపూట. జోంబా కొండ మీంచి మంచు దిగి చర్చి రేకుల దాకా వచ్చింది. అరవై మంది ఆడవాళ్ళు అప్పటికే చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. ముడత జాకెట్టుతో ముందుకు వెళ్ళబుద్ధి గాక ఆమె వెనక గోడకు చేరగిలబడింది. లోపలికి వస్తూ, అందరూ వేసినట్టే, తన చీటీ కూడా గుమ్మం దగ్గరి చేటలో వేసింది.

ఆ పద్ధతి ఎవరు పెట్టారో గాని చాలాకాలంగా ఉంది. పైకి చెప్పుకోలేని కష్టాన్ని చీటీ మీద రాసి చేటలో వేస్తారు. పేరు పెట్టరు. సమాజం పెద్ద జెరె అమ్మగారు ఒక్కొక్కటీ తీసి చదువుతుంది. చదివేటప్పుడు ఎవరూ తలెత్తి ఎవరి వంకా చూడకూడదు. తరవాత అందరూ కలిసి ప్రార్థిస్తారు.

ఒకరి మోకాలి నొప్పి అయింది. ఒకరి కొడుకు ఉద్యోగం అయింది. మూడోది అలినాఫె చీటీ.

"ఒక తల్లి రోజూ తన చేత్తో తోబ్వా కాచి, సీసాలో పోసి బిడ్డను బడికి పంపుతుంది," అని చదవడం మొదలుపెట్టింది జెరె అమ్మగారు. "బిడ్డ ఆ తియ్యటి జావను మరుగుదొడ్ల వెనక బొప్పాయి చెట్టు మొదట్లో పారబోసి, అదే సీసాలో సారా నింపుకుంటుంది. తల్లి ప్రేమ చెట్టుకు పోతోంది. బిడ్డకు విషం పోతోంది. ప్రభువా, ఆ సీసాను నువ్వే కడుగు."

గది నిండా ఒక మూలుగు లేచింది. అలినాఫె తల వంచుకునే ఉంది. ఆ వాక్యాలను ఆమె మూడుసార్లు తిరగరాసింది. చేతిరాత ఎవరూ పోల్చకుండా అక్షరాలు విడివిడిగా, పెద్దవిగా పెట్టింది. ఆ బిడ్డ మీద దిగులుతోనే రాసింది, అందులో అబద్ధం లేదు. కానీ 'ఆ సీసాను నువ్వే కడుగు' అన్న మాట తట్టినప్పుడు కలిగిన ముచ్చట వేరు. ఇప్పుడు అరవై మంది ఒక్కసారిగా నిట్టూరిస్తే మళ్ళీ కలిగినదీ అదే.

"ఆమెన్," అంది ఒక గొంతు, అన్నిటికంటే పైన. "ఆ తల్లిని ఆదుకో తండ్రీ."

అలినాఫె తలెత్తింది. మూడో వరసలో ఎస్నాత్. గురువారం ఆమెకు బజారులో బంగాళాదుంపల బేరం, సమాజానికి నెలల తరబడి రాదు. ఇవాళ వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి, ఎవరో తల్లి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది.

ప్రార్థన అయ్యాక అందరూ గుంపుగా రోడ్డెక్కారు. ఒకామె అంది, "ఈ రోజుల్లో బడికి తోబ్వా కాచి పంపే ఓపిక ఎవరికుందమ్మా. అందరం రంగునీళ్ళు కొని పడేస్తాం. మన ఎస్నాత్‌కే చెల్లింది." మెచ్చుకోలుగానే అంది. ఎస్నాత్ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అందరూ ఆమెను దాటుకుని నడిచారు, చెప్పులు చూసుకుంటూ.

అలినాఫె చెప్పు పట్టీ సరిచేసుకునే నెపంతో వంగింది. పట్టీ సరిగానే ఉంది.

*

శుక్రవారం పొద్దున పసిపిల్లల తూకాలు అవుతుండగా ఎస్నాత్ కూతుర్ని ముంజేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చింది. తియాంజనెకు పదిహేనేళ్ళు. బడి బట్టలు వేసుకుని ఉంది గాని చేతిలో పుస్తకాలు లేవు. తల్లి రెండో చేతిలో ఖాళీ సీసా ఉంది.

ఆసుపత్రి పెద్ద కలువాను ఊరంతా డాక్టర్ అనే పిలుస్తుంది. ఆయన గదిలోకి అలినాఫెను కూడా రమ్మన్నాడు.

"నా బిడ్డ తాగుతుందని నాకు తెలీదు," అంది ఎస్నాత్. "శనివారాలు ఇక్కడికొచ్చి ఆ అలవాటు మానడానికి చూస్తోందనీ తెలీదు. నిన్న సమాజంలో నా బిడ్డ కోసం నేనే ఏడ్చాను డాక్టర్, ఎవరి బిడ్డో అనుకుని. అరవై మందికి తెలిశాక నాకు తెలిసింది. బడికి తోబ్వా కాచి పంపే తల్లి ఇంకెవరూ లేరు, నేనే దొరికిపోయాను. ఆదివారం మా అన్నయ్య వస్తున్నాడు. బడి మాన్పించి ఊరికి తీసుకుపోతానంటున్నాడు."

కలువా పిల్ల వైపు తిరిగాడు. "ఇక్కడ ఎవరితో చెప్పావమ్మా ఈ తోబ్వా సంగతి?"

తియాంజనె గోడ మీద టీకాల పటం చూస్తోంది. "నాకు తెలీదు," అంది.

"ఎవరో చెబితేనే కదా బయటికి పోయింది."

"నాకు తెలీదు."

తల్లీబిడ్డల్ని బయట బెంచీ మీద కూర్చోమని పంపి, కలువా తలుపు వేశాడు. "సిస్టర్, అడగక తప్పదు. నువ్వేమైనా?"

"ఆ పిల్ల పేరు నేను ఎవరికీ చెప్పలేదు," అంది అలినాఫె.

ప్రతి మాటా నిజం. అన్నాక ఆమె మంచినీళ్ళ కూజా వైపు చూసింది. లేచి వెళ్ళి తాగలేదు.

"నాకు తెలుసు నువ్వు చెప్పవని," అన్నాడు కలువా. "శనివారాలు నువ్వు పిల్లలతో మాట్లాడే గదికీ సామాన్ల కొట్టుకీ మధ్య ఉన్నది చెక్క అడ్డు. దాని వెనక శనివారం ఎవరుంటారు? ఎలీఫా. సమాజంలో కూడా ఉంది కదా?"

"ఉంది."

ఎలీఫాను పిలిచాడు. పదకొండేళ్ళుగా ఆ నేలలు తుడుస్తున్న మనిషి. నెలకు నెల కొనసాగించే ఉద్యోగం. నీలం కోటుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నీకు రాయడం వచ్చా ఎలీఫా?"

ఆమె మొహం విప్పారింది. "వచ్చు డాక్టర్. పోయినేడు పెద్దల బడికెళ్ళి నేర్చుకున్నా. పెద్ద అక్షరాలు, విడివిడిగా రాస్తాను. కలిపి రాయడం ఇంకా రాలేదు."

కలువా అలినాఫె వైపు చూశాడు. చీటీ అక్షరాలు ఎలా ఉన్నాయో జెరె అమ్మగారు ఎస్నాత్‌కు చెప్పింది. ఎస్నాత్ వచ్చీ రాగానే చెప్పేసింది. ఆ క్షణంలో అలినాఫె నోరు తెరిస్తే సరిపోయేది. ఆమె తన గడియారాన్ని ఎడమ చేతి మీద కాస్త పైకి జరుపుకుంది. తరవాత కిందికి జరుపుకుంది.

"సోమవారం నుంచి రావద్దు," అన్నాడు కలువా.

ఎలీఫా వాదించలేదు. ఎందుకని అడిగింది, చెబితే విన్నది. సాయంత్రం సామాన్ల కొట్టులో నీలం కోటు విప్పి, గుండీలన్నీ పెట్టి, చేతులు లోపలికి మడిచి అరలో పెట్టింది. అలినాఫె దూది కోసం వచ్చినట్టు వచ్చి నిలబడింది.

"మంచిదైంది సిస్టర్, వచ్చారు. కొత్తమనిషికి చెప్పండి. పసుపు డబ్బాలోది నేలకి, ఆకుపచ్చది కాన్పుల గదికి. రెండూ కలిపితే కళ్ళు మండుతాయి. నాకు తెలీక మొదటి వారం ఏడ్చుకుంటూ తుడిచాను. అందరూ ఇంట్లో మొగుడు కొట్టాడనుకున్నారు." నవ్వింది. "అప్పటికి నాకు పెళ్ళే కాలేదు."

అలినాఫెకు నవ్వు రాలేదు.

"ఈ చెక్క వెనక నేను విన్నవి చాలా ఉన్నాయి సిస్టర్. వద్దనుకున్నా వినిపిస్తాయి. ఎవరి కడుపు ఎవరిదో, ఎవరి పుండు ఎక్కడిదో. ఇంటికెళ్ళే దారిలో ఆ మనుషులే ఎదురైతే మొక్కజొన్న బాగా పండిందా అని అడిగేదాన్ని. అంతే." తాళాల గుత్తి అలినాఫె చేతిలో పెట్టి, వేళ్ళను తన వేళ్ళతో మూసింది. "మీరు బాధపడకండి. మీరేం చేస్తారు."

*

శనివారాలు వెనక గది పిల్లలది. అక్కడ వామనగుంటల పలక ఒకటి, పాత బెంచీ ఒకటి, సొరుగున్న బల్ల ఒకటి ఉన్నాయి. ఆరోగ్య పుస్తకం ఎవరిది వాళ్ళ దగ్గరే, ఇంట్లో ఉంటుంది. తల్లి బియ్యం డబ్బా వెనక దాస్తుంది, ఎవరైనా తీసి చదవొచ్చు. అందుకే ఈ గదికి వచ్చే పిల్లలకు అలినాఫె రెండో పుస్తకం కుట్టి, సొరుగులో పెట్టి తాళం వేస్తుంది. ఇంట్లో ఉన్న దాంట్లో జలుబూ జ్వరమూ ఉంటాయి. నిజం ఇక్కడ ఉంటుంది. 'ఇక్కడి మాట ఇక్కడే' అని అట్ట మీద రాసి గోడకు కొట్టింది కూడా ఆమే.

ఎప్పుడూ ఏడెనిమిది మంది వస్తారు. ఆ రోజు పదిన్నర దాకా ఎవరూ రాలేదు. ఆమె గది ఊడ్చింది. పలకలోని గింజలు తీసి తుడిచి మళ్ళీ నాలుగేసి చొప్పున పెట్టింది. ఒక కుర్రాడు గేటు దాకా వచ్చి, ఆమెను చూసి, ఎవరినో వెతుకుతున్నట్టు మెడ తిప్పి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి తియాంజనె వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడవలేదు.

"నా పుస్తకం ఇవ్వండి సిస్టర్."

"కూర్చో."

"అమ్మ బజారు నుంచి వచ్చేలోపు వెళ్ళాలి."

అలినాఫె తాళం తీసింది. పుస్తకానికి ఆ పిల్ల తనే పాత క్యాలెండరు కాగితం అట్ట వేసుకుంది. ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని, "తాగక ఎన్ని రోజులు?" అని అడిగింది. ప్రతి వారం అడిగేదే.

"గురువారానికి పదకొండు. నిన్న తాగాను."

అలినాఫె అలవాటుగా కలం కోసం తడుముకుంది. ఎక్కడుందో కనపడలేదు.

"అమ్మ ఆ చీటీలో మాటలు చెప్పినప్పుడే తెలిసింది, రాసింది మీరేనని," అంది తియాంజనె.

"ఏం చెప్పింది అమ్మ?"

"బొప్పాయి చెట్టని. ఆ ముక్క నేను చెప్పింది మీకొక్కరికే. ఆ శనివారం వాన. ఎలీఫా అత్త ఆ రోజు రాలేదు, తన ఊళ్ళో ఎవరిదో చావుకెళ్ళింది. గదిలోకి నీళ్ళొస్తే మీరే తోశారు, నేను బకెట్టు పట్టుకున్నాను. మర్చిపోయారా?"

మర్చిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. బకెట్టు పట్టుకుని నిలబడే ఆ పిల్ల చెప్పింది, మొహం చూడక్కర్లేకుండా ఉంది కాబట్టి చెప్పగలిగింది.

"మరి నిన్న డాక్టర్ అడిగితే చెప్పలేదేం?"

తియాంజనె గోడ మీది అట్ట వైపు గడ్డంతో చూపించింది. "అది నన్నొక్కదాన్నే కాపాడ్డానికి అనుకోలేదు నేను."

అలినాఫె బెంచీ మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ బెంచీ మీద, పిల్లలు కూర్చునే వైపు, ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"నీకు మంచి జరగాలనే రాశాను," అంది.

"తెలుసు."

"పేరు పెట్టలేదు కదా అనుకున్నాను."

పిల్ల గుమ్మం చెక్కను గోటితో గీకుతోంది.

"ఎలీఫాను తీసేశారు," అంది అలినాఫె. "తనే రాసిందనుకుని."

గీకుతున్న వేలు ఆగింది. "ఆమె పేరు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదే."

"ఎవరూ చెప్పలేదు. కలువా అనుకున్నాడు. నేను కాదనలేదు."

తియాంజనె మొదటిసారి ఆమెను సూటిగా చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అలినాఫెకు తేలిగ్గా ఉండేది. తూకం బల్ల మీద ముల్లు ఎక్కడ ఆగుతుందో చూస్తున్నట్టుంది ఆ చూపు.

"చెబుతారా?"

"చెబితే నన్ను ఈ పని నుంచి తీసేస్తారు. నేను లేకపోతే శనివారాలు ఈ గది మూసేస్తారు. ఇంకెవరూ చెయ్యరు. మిగతా పిల్లలేమవుతారు?"

తియాంజనె ఖాళీ బెంచీ చూసింది. పలకలో ఎవరూ కదపని గింజలు చూసింది.

"మూసే ఉంది కదా సిస్టర్," అంది.

చెయ్యి చాపింది. అలినాఫె పుస్తకం ఇచ్చింది. పిల్ల దాన్ని రవికె లోపల దోపుకుని, పైన స్వెట్టర్ గుండీ పెట్టుకుంది.

"ఇంట్లో ఎక్కడ పెడతావు?"

"పెట్టను. పొయ్యిలో వేస్తాను." అడుగు బయట పెట్టి మళ్ళీ తిరిగింది. "చెప్పేట్టయితే మీ సంగతి మీరు చెప్పుకోండి. నేను చెప్పినవి ఇంకేవీ చెప్పకండి. చెట్టు సంగతి వాళ్ళకు తెలిసిపోయింది, సరే. మిగతావి నావి."

"రేపు మీ మామయ్య ఏమంటాడో..."

"అది కూడా నాదే," అని వెళ్ళిపోయింది.

*

ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి ఒంటిగంట. తడాలా బేసినూ చెంబూ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ముందు తండ్రికీ, తరవాత తల్లికీ చేతుల మీద నీళ్ళు పోసింది. మొక్కజొన్న పిండితో వండిన న్సిమా ముద్దలు ఆవిరి కక్కుతున్నాయి. చిల్వా సరస్సు చిన్నచేపలు వేయించినవి, వేరుసెనగ పొడి వేసిన గుమ్మడాకు కూర ఉన్నాయి.

వైసన్ సంఘపెద్ద. ఆదివారాలు భోజనం దగ్గర ప్రసంగం మళ్ళీ ఒకసారి చెబుతాడు.

"ఇవాళ పాదిరిగారు బాగా చెప్పారు. 'ప్రభువా, ఆ సీసాను నువ్వే కడుగు.' చర్చి అంతా నిశ్శబ్దమైపోయింది, చూశావా?"

"చూశాను," అంది అలినాఫె.

ఆమె ముందు వరసలో కూర్చుని విన్నది. తన వాక్యం పీఠమెక్కి మాట్లాడుతుంటే, ఎస్నాత్ కూర్చునే చోటు ఖాళీగా ఉండటం చూసింది.

"ఆ మాట సమాజంలో ఎవరో చీటీ మీద రాశారట. ఎలీఫా అంటున్నారు. నేను నమ్మను. ఆ మాత్రం రాయాలంటే చదువుండాలి. ఎక్కడో విని రాసుంటుంది." చేప తల విరిచాడు. "ఏమైనా తీసెయ్యడం మంచిపనే. ఆసుపత్రిలో నోరు జారే మనిషి ఉండకూడదు. నువ్వు పడ్డ కష్టమంతా..."

"ఆ చీటీ నేను రాశాను."

వైసన్ చేప పళ్ళెంలో పెట్టాడు. "ఏ చీటీ?"

"నువ్వు ఇప్పుడు మెచ్చుకున్నదే."

గుమ్మం బయట కోడి ఒకటి వచ్చి తొంగిచూసింది. దాన్ని ఎవరూ అదిలించలేదు.

"ఎవరికి తెలుసు?" అన్నాడు చివరికి.

"ఆ పిల్లకు. ఇప్పుడు మీకు."

"పిల్ల చెప్పిందా ఎవరికైనా?"

"చెప్పలేదు. చెప్పదు."

"అయితే..." వైసన్ గొంతు తగ్గించాడు, ఇంట్లో పరాయివాళ్ళు ఉన్నట్టు. "పేరు లేని చీటీ అది. సమాజం పద్ధతి ప్రకారమే వేశావు. ప్రార్థన కోసం వేశావు, కబుర్ల కోసం కాదు. ఎలీఫాకు ఇంకెక్కడైనా పని చూద్దాం. మా బడిలో కూడా తుడిచే మనిషి కావాలి. నేను మాట్లాడతాను. నీ నర్సు లైసెన్సు సంగతి ఆలోచించు, తడాలా అమ్మా. రేపు నా మొహం చర్చిలో ఎలా..."

"నాన్నా, ఆగు," అంది తడాలా.

తండ్రి మాటకు అడ్డు రావడం ఆ ఇంట్లో లేదు. ఇద్దరూ దాని వైపు చూశారు. తడాలా ముద్ద చేసుకుంటోంది. దాన్ని వేళ్ళతో తిప్పుతూనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు.

"అమ్మా, నా గురించి ఎప్పుడైనా రాశావా?"

అలినాఫెకు లేదని చెప్పడం చాలా సులువు. శుక్రవారం కలువా గదిలో అంతకంటే సులువైంది చెప్పింది.

"రాశాను. పోయినేడు. నువ్వు ఆ అబ్బాయికి ఉత్తరం రాసి, నాకొచ్చి చెప్పావు చూడు. అప్పుడు."

తడాలా ముద్దను పళ్ళెం అంచున పెట్టింది. "అందుకే జెరె అమ్మమ్మ నన్ను పిలిచి, మగపిల్లలతో జాగ్రత్త అంది. నేను ఎలా తెలిసిందా అనుకున్నాను." ఏడవలేదు. "నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను."

"అవును."

"ఇంక చెప్పనులే."

వైసన్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తరవాత ఆయనే, అనునయంగా, "సరే, అయిందేదో అయింది. ఏం చెయ్యాలో ఆలోచిద్దాం. ముందు అసలు ఆ పిల్ల నీతో ఏమేం చెప్పిందో మొత్తం చెప్పు. ఎందుకు మొదలుపెట్టింది, ఎవరు అలవాటు చేశారు. తెలిస్తేనే గదా వాళ్ళ మామతో నేను మాట్లాడగలిగేది," అన్నాడు.

"అవి నావి కావు," అంది అలినాఫె.

"నేను నీ మొగుణ్ణి."

"అవును. నాది నీకు చెప్పాను."

ఆమె చెయ్యి కడుక్కోలేదు, లేవలేదు. ఒక ముద్ద తీసుకుని, ఆకుకూరలో అద్ది, నమిలి మింగింది. తరవాత రేపటి వంట గురించి చెప్పే గొంతుతోనే చెప్పింది.

"రేపు ఆరింటికి ఎలీఫా ఇంటికి వెళ్తున్నాను. ముందు ఆమెకు చెబుతాను. ఆమె ఒప్పుకుంటే ఇద్దరం కలిసి కలువా దగ్గరికి వెళ్తాం, బయటి రోగుల వరస మొదలవక ముందే. ఆమె నా మొహం చూడనంటే ఒక్కదాన్నే వెళ్తాను. గురువారం సమాజంలో లేచి నిలబడతాను. చీటీ వెయ్యను, నోటితో చెబుతాను. నా పేరు చెబుతాను. ఇంకెవరి పేరూ చెప్పను."